మిగిలిన ముక్కలు



2014 అక్టోబరు 12 ఆదివారం నాడు హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకింది. రోజుల తరబడి కరెంటు లేదు. జ్ఞానాపురం మొదలు ఉక్కునగరం దాకా ఎన్నో ఇళ్ళలో, ఫ్రిజ్‌లో దాచుకున్నది దాచినచోటే పాడైంది. వెంటనే వండి ఇరుగుపొరుగుతో పంచుకున్నదే ఆకలి తీర్చింది.

5,000 మంది కడుపునిండా తిన్నాక కూడా, మిగిలిన ముక్కలు పోగుచేయమన్నారు ప్రభువు. 12 గంపలు నిండాయి (యోహాను 6). అది పిసినారితనం కాదు, దేవుని వరానికి గౌరవం.

తల్లులారా, తండ్రులారా, ఈ శనివారం ఫ్రిజ్ తెరిచి చూడండి. సగం సొరకాయ, గుమ్మడి ముక్క, రెండు ములక్కాడలు దొరుకుతాయి. ముక్కలు ఉడికాక చింతపండు రసం, కాస్త బెల్లం, నిన్నటి పప్పు వేసి దప్పళం బాగా తెర్లనివ్వండి. మొదటి గిన్నె పక్కింట్లో ఒంటరిగా ఉన్న ముసలమ్మకు పంపండి.

పోగుచేయడం దాచుకోవడానికి కాదు, పంచుకోవడానికే.