సున్నాను కాపాడినవాడు

2019 నవంబరు 23. అమెరికాలో వర్జీనియా కొండల నడుమ బ్లాక్స్‌బర్గ్ అనే ఊరు, అందులో లేన్ స్టేడియం. విశ్వవిద్యాలయాల మధ్య అమెరికన్ ఫుట్‌బాల్ ఆట ముగిసేసరికి స్కోరుబోర్డు మీద వర్జీనియా టెక్ 28, పిట్స్‌బర్గ్ 0. ఆ 28 పాయింట్లు తెచ్చిన కుర్రాళ్లెవరో మర్నాటి ఫొటోలు చెబుతాయి. పక్కనున్న సున్నాను తెచ్చినవాణ్ణి ఫొటోలో పట్టుకోవడం కష్టం. అది వర్జీనియా టెక్ డిఫెన్స్ కోచ్ బడ్ ఫోస్టర్ పని. సొంత మైదానంలో ఆయనకు అదే చివరి ఆట. అంతకు వారం ముందు జార్జియా టెక్ మీద కూడా ఆయన శిష్యులు ఒక్క పాయింటు ఇవ్వలేదు, 45-0.

ఏమీ జరగకపోవడమే ఫలితమయ్యే పనులు లోకంలో చాలా ఉన్నాయి. వానాకాలం రాత్రి చెరువు కట్ట మీద లాంతరు పట్టుకుని తిరిగేవాడి పని అలాంటిదే. కట్ట తెగితే ఊరంతా వాణ్ణి తిడుతుంది. తెగని రాత్రి గురించి తెల్లారి ఎవరూ మాట్లాడుకోరు. అలాంటి పనిలోనే బతుకంతా గడిపిన మనిషికి దక్కే ఫలం ఏమిటి? దాన్ని ఆశించడం తప్పా? తన పనిని మనసుపెట్టి చేసే ప్రతి మనిషికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఇది.

అమెరికన్ ఫుట్‌బాల్ తెలియనివారికి రెండు ముక్కలు. జట్టుకు పదకొండు మంది. బంతి ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది యార్డులు ముందుకు జరగాలి. జరిగితే మరో నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి, లేకపోతే బంతి ఎదుటివాళ్లది. బంతితో చొచ్చుకెళ్లేవాళ్లు వేరు, అడ్డుకునేవాళ్లు వేరు. అడ్డుకునేవాళ్ల గురువును డిఫెన్సివ్ కోఆర్డినేటర్ అంటారు. కబడ్డీలో కూతకొచ్చినవాణ్ణి గీత చేరనివ్వకుండా చేతులు కలిపి పట్టే గొలుసు మనకు తెలుసు కదా, దాదాపు అదే పని. కాకపోతే ఇక్కడ గొలుసులో ప్రతి ఒక్కడూ ఎప్పుడు ఎటు కదలాలో వారమంతా కూర్చోబెట్టి నేర్పాలి. నేర్చుకునేది ఇరవై ఏళ్లు అటూ ఇటూ ఉన్న విద్యార్థులు. ఆట మొదలయ్యాక గురువు చేతులు గీత బయటే.

ఫోస్టర్ చదువుకున్నదీ ఆడిందీ మర్రే స్టేట్ విశ్వవిద్యాలయంలో. అక్కడి కోచ్ ఫ్రాంక్ బీమర్ దగ్గరే కోచింగ్‌లో ఓనమాలు దిద్దుకున్నాడు. 1987లో బీమర్ వర్జీనియా టెక్‌కు హెడ్ కోచ్‌గా వెళ్తే ఫోస్టర్ వెంట వెళ్లాడు. 1995లో డిఫెన్స్ బాధ్యత చేతికొచ్చింది. 2015 సీజన్‌తో బీమర్ తప్పుకొని కొత్త హెడ్ కోచ్ జస్టిన్ ఫ్యూంటే వచ్చినా ఫోస్టర్ కుర్చీ మారలేదు. మొత్తం 33 సీజన్లు ఒకే చోట. రెండు మూడేళ్లకోసారి ఊరు మారడమే ఉద్యోగ లక్షణమైన ఆ రంగంలో ఇది అరుదు. హెడ్ కోచ్ పదవులకు ఆయన పేరు పలుమార్లు వినబడింది. విశ్వవిద్యాలయ జట్టు దేనికీ ఆయన హెడ్ కోచ్ కాలేదు.

నిష్కామకర్మ అన్న మాటను మనం చాలా తేలిగ్గా వాడేస్తాం. ఫలితం ఎలా ఉన్నా పట్టించుకోకపోవడమే నిష్కామం అనుకునేవాళ్లు ఎక్కువ. అది పొరపాటు. కృష్ణుడు అర్జునుణ్ణి బాణం గురి చూడకుండా వెయ్యమనలేదు. ఫోస్టర్‌కు గెలుపు మీద ఉన్న ఆకలి దాచుకునే రకం కాదు. 2005, 2006 సీజన్లలో ఎదుటివాళ్లకు అతి తక్కువ యార్డులు ఇచ్చిన జట్టుగా దేశంలో మొదటి స్థానం ఆయన డిఫెన్స్‌దే. 2006లో దేశంలోని ఉత్తమ అసిస్టెంట్ కోచ్‌కు ఇచ్చే బ్రాయిల్స్ అవార్డు అందుకున్నాడు. అంతకు ముందే పెద్ద దెబ్బ తిన్నాడు. 2000 జనవరి 4న న్యూ ఓర్లీన్స్‌లో జాతీయ టైటిల్ ఆట. మూడో క్వార్టర్ ముగిసేసరికి వర్జీనియా టెక్ 29-28తో ముందుంది. చివరి క్వార్టర్‌లో ఫ్లోరిడా స్టేట్ వరుసగా 18 పాయింట్లు కొట్టింది. ఆయన కాపాడాల్సిన గీతే తెగింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లలో అలాంటి ఆట మళ్లీ రాలేదు. అయినా ప్రతి ఆగస్టులో కొత్త కుర్రాళ్లకు నిలబడే తీరు దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టాడు. నిష్కామం ఎక్కడైనా ఉంటే, ఆ ఆగస్టుల్లో ఉంది.

ఆయన్ను సన్యాసిగా చూపించడం అబద్ధమవుతుంది. జీతం లక్షల డాలర్లలో ఉండేది. అంతకన్నా ముఖ్యం, ఒకే చోట ఉండిపోవడం దానంతటదే పుణ్యం కాదు. ఇదే రంగంలో ఇంకొకడూ ఉండిపోయాడు. పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో జెర్రీ శాండస్కీ 1977 నుంచి 1999 వరకు డిఫెన్సివ్ కోఆర్డినేటర్. అతనూ ఒకే హెడ్ కోచ్ నీడలో ఏళ్లకేళ్లు గడిపాడు, అతనికీ నమ్మకస్తుడన్న పేరుండేది. 2001లో అతని మీద ఒక ఫిర్యాదు విశ్వవిద్యాలయం పెద్దల దాకా వెళ్లింది, పోలీసుల దాకా వెళ్లలేదు. 2012లో పదిమంది బాలుర మీద లైంగిక అఘాయిత్యాలకు సంబంధించి 45 నేరాలు రుజువయ్యాయి. పిల్లలను ప్రమాదంలో వదిలేసినందుకు తర్వాత ఆ పెద్దలకూ శిక్షలు పడ్డాయి.

మన పెద్దలు నిష్ఠకూ మమకారానికీ మధ్య గీసిన గీత ఇక్కడ అక్కరకొస్తుంది. ‘ఇది నా సంస్థ, దీని పేరు చెడకూడదు’ అన్న మమకారం పైకి త్యాగంలాగే కనిపిస్తుంది. నిజానికి అదీ ఫలాపేక్షే. గెలుపును వదులుకోగలిగిన మనిషి కూడా పరువును వదులుకోలేకపోవచ్చు. పెన్ స్టేట్‌లో కాపాడింది పేరును, కాపాడాల్సింది పిల్లల్ని. కాపలా పనిలో ఉన్న ఎవరినైనా ముందు అడగాల్సింది ఇదే, నీ వెనక ఉన్నది ఎవరు?

ఫోస్టర్ విషయంలో ఆ జవాబు ఒక డబ్బాలో దొరుకుతుంది. గనుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు మధ్యాహ్నం తిండి పట్టుకెళ్లే రేకు డబ్బా, మన క్యారేజీ లాంటిది. 1995లో ఆయనా, తోటి కోచ్ రాడ్ షార్ప్‌లెస్ కలిసి అలాంటి సొట్టలు పడ్డ పాత డబ్బాను డిఫెన్స్ గుర్తుగా పెట్టారు. పనికి వెళ్లేవాడు ఎలా వెళ్తాడో అలా మైదానానికి వెళ్లాలని దాని అర్థం. ఆ సీజన్ లక్ష్యాల కాగితం మీద ఆటగాళ్లు సంతకాలు చేసి అందులో ఉంచేవారు. బాగా ఆడినవాడికి దాన్ని మోసే గౌరవం దక్కేది.

2007 ఏప్రిల్ 16న వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలోనే ఒక విద్యార్థి తుపాకీతో 32 మందిని చంపాడు. చనిపోయినవారిలో తమిళనాడు నుంచి వెళ్లి పాతికేళ్లుగా అక్కడ జలశాస్త్రం బోధిస్తున్న ఆచార్యుడు జి.వి. లోగనాథన్ ఉన్నారు. లివియు లిబ్రెస్కు అనే 76 ఏళ్ల ఆచార్యుడూ ఉన్నారు. రుమేనియాలో పుట్టి, యూదుల ఊచకోతను బాల్యంలో తప్పించుకుని బతికిన మనిషి. నోరిస్ హాల్ రెండో అంతస్తు గదిలో ఆయన తలుపుకు అడ్డంగా నిలబడ్డారు. విద్యార్థులు కిటికీల్లోంచి కిందికి దూకారు. గదిలోని చాలామంది బతికారు, ఆయన బతకలేదు. కాపాడటం అన్న మాటకు అంతకు మించిన అర్థం ఏ మైదానంలోనూ దొరకదు.

ఆ ఏడాది సీజన్‌లో డబ్బాలో ఆ 32 మంది పేర్లు చేరాయి. లక్ష్యాల కాగితం పక్కన చనిపోయినవారి పేర్లు. దాన్ని మోసిన కుర్రాళ్ల వయసు, ఆ పేర్లలో చాలామంది వయసు ఒకటే. ఆటతో ఎవరూ తిరిగిరారని మోసినవాళ్లకు తెలుసు. అయినా ఆ పేర్లు మోయడం పనిలో భాగమైంది. పేరు కోసం పనిచేయడానికీ, పేర్లు మోస్తూ పనిచేయడానికీ ఉన్న దూరం ఆ రేకు డబ్బాలో కనిపిస్తుంది.

నవంబరు నాటి ఆ సున్నా తర్వాత ఫోస్టర్‌కు రెండే ఆటలు మిగిలాయి, రెండూ ఓడాడు. మొదటిది వర్జీనియా విశ్వవిద్యాలయం మీద, 39-30. పదిహేనేళ్లుగా ఏటా గెలుస్తూ వచ్చిన పోటీ అది. రెండోది 2019 డిసెంబరు 31న షార్లెట్‌లో, కెంటకీ మీద. కెంటకీ కుర్రాడు లిన్ బౌడెన్ ఒక్కడే బంతితో 233 యార్డులు పరుగెత్తాడు. 15 సెకన్లు మిగిలి ఉండగా అతను విసిరిన బంతి టచ్‌డౌన్ అయింది. చివరి స్కోరు 37-30. నవంబరు సున్నా ఎంత ఫోస్టర్‌దో ఈ ఓటమి కూడా అంతే ఆయనది. అరవై ఏళ్ల వయసులో ఆ రెంటినీ తన లెక్కలోనే ఉంచుకుని ఆయన మైదానం వీడాడు.