కనీస మొత్తము కట్టినవాడు మాట నిలుపుకున్నట్లేనా?



సంఘ పత్రికలో క్రెడిట్ కార్డు సంగతి ఎందుకని కొందరు అనుకోవచ్చు. మా సంఘములో కొన్ని ఇళ్లలోనికి దానివలన దుఃఖము వచ్చినది, అందులో పెద్దలమైన మా పాలు కూడా ఉన్నది గనుక వ్రాస్తున్నాము.

గత సంవత్సరము కోత పండుగనాడు ఆరాధన అయిన తరువాత ఒక కంపెనీవారు చర్చి ఆవరణలో బల్ల వేసుకొని కార్డులకు దరఖాస్తులు వ్రాయించుకున్నారు. అనుమతి ఇచ్చినది మేమే. పందిరి ఖర్చు 6,000 రూపాయలు వారు భరించారు, మేము సంతోషముగా పుచ్చుకున్నాము. బంగారు గనులు 2001లో మూతపడిన తరువాత మా కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ పిల్లలు అనేకులు తెల్లవారకముందే మారికుప్పములో రైలెక్కి, బెంగళూరులో పని చేసి, రాత్రికి ఇల్లు చేరేవారే. జీతము బ్యాంకులో పడుతుంది గనుక కార్డులు సులువుగానే వచ్చాయి.

ఆరు నెలలు గడిచాక ఒక యువకుడు మా ఇంటికి వచ్చాడు. తల్లికి ఆపరేషన్ అయినప్పుడు కార్డు వాడాడు. "మాస్టారూ, నేను ఒక్క నెల కూడా తప్పలేదు. వాళ్లు కట్టమన్నంత కట్టాను. అయినా బాకీ అట్లాగే ఉంది. నేను చేసిన తప్పేమిటి?" అని అడిగాడు. టీచర్ ట్రైనింగ్ చేసి ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పిన మాకు కూడా ఆ బిల్లు ఒక పట్టాన కొరుకుడు పడలేదు.

బిల్లులో రెండు అంకెలు ఉంటాయి. మొత్తము బాకీ 20,000 అనుకుందాము. దాని పక్కనే కనీస మొత్తము 1,000 అని ఉంటుంది. ఆ వెయ్యి కట్టితే ఆలస్యపు రుసుము పడదు, ఎగవేతదారు అనే పేరు రాదు. కాని వడ్డీ ఆగదు. అతని కార్డుకు నెలకు మూడున్నర శాతము. మన పెద్దల భాషలో నూటికి మూడున్నర రూపాయల వడ్డీ! ఊళ్లో ఎవడైనా నూటికి మూడు రూపాయలు అడిగితే "వీడు నెత్తురు తాగుతాడు" అని ముఖము మీదనే అనేవారు. అదే సంగతి ఇంగ్లీషులో, శాతములో వచ్చేసరికి మనకు కోపము రావడము లేదు. 20,000 మీద ఒక నెల వడ్డీ 700. ఆ వడ్డీ మీద 18 శాతము జీఎస్టీ 126. కట్టిన వెయ్యిలో 826 వీటికే సరి, అసలులో తగ్గినది 174 రూపాయలు.

ఇంకొక సంగతి అతనికి అసలే తెలియదు. పాత బాకీ నిలిచి ఉన్నంతకాలము కొత్తగా కొన్నవాటికి వడ్డీలేని గడువు ఉండదు. రైలు పాసు, ఇంటి బియ్యము అదే కార్డు మీద కొన్నాడు, వాటికి కొన్న రోజు నుండే వడ్డీ పడినది. ఒకసారి ఏటీఎంలో 3,000 తీశాడు. కార్డుతో నగదు తీసినప్పుడు విడిగా రుసుము ఉంటుంది, వడ్డీ కూడా ఆ రోజునుండే.

ఇవేవీ చట్టవిరుద్ధము కావు. ఏడాదికి 30 శాతము మించిన కార్డు వడ్డీ అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పు చెప్పినది. సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో ఆ తీర్పును కొట్టివేసినది. కనీస మొత్తమే కట్టుతూ పోతే అప్పు నెలలు, ఏళ్లు సాగుతుందని బిల్లు మీద హెచ్చరిక ఉండాలని రిజర్వు బ్యాంకు నియమము. అతని బిల్లు మీద కూడా ఉన్నది, చిన్న అక్షరాలతో. మేము కళ్లజోడు తుడుచుకొని చదివాము.

మరి తప్పు ఎవరిది? మా కమిటీలో ఒక సహోదరుడు, "చదువుకున్నవాళ్లు, చూసుకోకుండా సంతకము పెట్టినది వాళ్లే" అన్నాడు. అందులో సగము నిజమున్నదని ఒప్పుకుంటాము. అప్పు చేసినవాడు లెక్క చూసుకోవాలి. అయితే మా తండ్రిగారి కాలములో జీతాల రోజున గని గేటు దగ్గర వడ్డీవ్యాపారి నిలబడేవాడు. ఆయన అతని ముఖము ఎరుగును, బాకీ ఎంతో ఎరుగును, సిగ్గుపడేవారు, ఆ సిగ్గుతోనే త్వరగా తీర్చేవారు. ఈ కార్డు ఆ సిగ్గును తీసివేసినది. వెయ్యి కట్టగానే కృతజ్ఞతలు చెప్పుచూ ఫోనుకు సందేశము వస్తుంది. మంచి మనస్సాక్షి గలవాడే ఎక్కువ మోసపోతాడు, అడిగినంత ఇచ్చాను గదా అని నిద్రపోతాడు గనుక. ఏ అంకె కంటికి ఆనాలో నిర్ణయించినవాడు ఆ అబ్బాయి కాడు.

మా సంగతి కూడా చెప్పాలి. మాకు ఎనిమిదేళ్లుగా కార్డు ఉన్నది. గడువులోగా మొత్తము కట్టుతాము, ఒక్క రూపాయి వడ్డీ ఇవ్వలేదు. పైగా పోగైన పాయింట్లతో ప్రెషర్ కుక్కరు వచ్చినది. కార్డు కంపెనీకి రాబడి దుకాణదారుల కమీషను నుండి కొంత, ఆలస్యపు రుసుముల నుండి, వడ్డీల నుండి కొంత. ఆ కుక్కరులో ఈ అబ్బాయి 826 నుండి ఎన్ని పైసలు కలిసినవో ఎవరు చెప్పగలరు? అన్నము వండుకోవడము మానలేదు, మానవలసినదని కూడా అనుకోము. కాని మాకు తెలిసిన లెక్కను పందిరి కింద ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నామే, అది మమ్మును బాధిస్తున్నది.

ఆ యువకుడు తల్లి గొలుసు బ్యాంకులో తాకట్టు పెట్టి కార్డు బాకీ ఒకేసారి తీర్చివేశాడు. నగ మీద వడ్డీ నూటికి రూపాయి లోపే పడినది. కార్డు మూసివేయమని అడిగాడు. రిజర్వు బ్యాంకు 2022లో పెట్టిన నియమాల ప్రకారము బాకీ లేని కార్డును ఏడు పనిదినములలో మూయాలి, ఆలస్యమైతే రోజుకు 500 రూపాయలు వారే మనకు ఇవ్వాలి. గడువు దాటి మూడు రోజులు మించితేనే ఆలస్యపు రుసుము వేయాలి, అది కూడా కట్టకుండా మిగిలిన దాని మీదనే. మన సమ్మతి లేక పరిమితి పెంచకూడదు. కార్డు ఉంచుకొనేవారు ఖాతానుండి ప్రతి నెలా "మొత్తము బాకీ" దానంతట పోయేటట్లు పెట్టుకోండి. పెట్టేటప్పుడు "కనీస మొత్తము" అనే గడిలో టిక్కు పడకుండా చూసుకోండి, ఇద్దరు అక్కడే పొరబడ్డారు.

రెండవ ఆదివారము ఆరాధన తరువాత బిల్లులు తెచ్చుకొన్నవారితో కూర్చుంటున్నాము. మొదటిసారి ముగ్గురు వచ్చారు, ఒక సహోదరి తన బిల్లును పాటల పుస్తకములో మడిచిపెట్టి తెచ్చినది. పందిరి కొరకు పుచ్చుకొన్న 6,000 ఏమి చేయాలనే దానిలో కమిటీ ఇంకను ఏకాభిప్రాయమునకు రాలేదు. తిరిగి ఇచ్చివేయాలని మేమంటున్నాము, జరిమానాలు కట్టినవారికే పంచాలని కోశాధికారిగారు అంటున్నారు.