సూసన్నకు మరణశిక్ష వేసినదెవరు?



తపస్సు కాలము ఐదవ వారము సోమవారమునాడు దివ్యపూజలో మనము సూసన్న కథ వింటాము (దానియేలు 13). ఆ ఇద్దరు దుర్మార్గులను తిట్టుకుంటాము, దానియేలును మెచ్చుకుంటాము, ఇంటికి పోతాము. నడుమనున్న జనమును మాత్రము గమనించము. ఆ సభలోనివారు చెడ్డవారేమీ కారు. సాక్ష్యము చెప్పినవారు ప్రజల పెద్దలు, పైగా న్యాయాధిపతులు. అందుచేత మారుమాట లేకుండ నమ్మి, ఒక నిరపరాధికి మరణశిక్ష వేశారు. పెద్దల నీతి మీదనున్న గౌరవమే ఆమె ప్రాణము మీదికి వచ్చినది.

దానియేలు ఆ ఇద్దరిని వేరుచేసి, ఏ చెట్టు క్రింద చూచితిరని అడిగాడు. చెరియొక చెట్టు పేరు చెప్పారు. నిజానికి ఆయన కూడ ప్రశ్నకు ముందే వారిని దోషులని గద్దించాడు. కాని ఆయనను దేవుడే ప్రేరేపించాడు. మనకు ప్రశ్న అడుగుటయే గతి.

ఈ ప్రమాదమును యూదుల ధర్మబోధకులు బాగుగా ఎరుగుదురు. పేదవాని వ్యాజ్యెములో న్యాయము చెరుపరాదని నిర్గమకాండము 23:6 చెప్పుచున్నది. ఇక్కడ పేద యనగా డబ్బు లేనివాడు మాత్రమే కాదు, సత్క్రియలలో పేదవాడు కూడ అని వారి ప్రాచీన వ్యాఖ్యానము మెఖిల్తా వివరించినది. 12వ శతాబ్దములో మైమోనిదెస్ దీనినే న్యాయాధిపతులకు నియమముగా వ్రాశాడు: ఒకడు భక్తుడు, ఒకడు దుష్టుడు తీర్పుకు వస్తే, దుష్టుడు అబద్ధమే ఆడునని, భక్తుడు మాట తప్పడని తలంచి తీర్పును వంచరాదు. దుష్టుడని రుజువైనవాని సాక్ష్యము వారి ధర్మశాస్త్రములో చెల్లదు, అది వేరు సంగతి. తన వ్యాజ్యెము తాను చెప్పుకొనుటకు వచ్చినవానికి మాత్రము ఆ అడ్డు లేదు.

క్రీస్తుకు పూర్వము మొదటి శతాబ్దివాడైన యెహూదా బెన్ తబ్బాయి ఇంకొక మెట్టు పైకెక్కాడు. వాదులు నీ యెదుట నిలిచియున్నంతసేపు ఇద్దరినీ దోషులుగానే చూడుము, తీర్పునకు లోబడి వెళ్ళిన తరువాత ఇద్దరినీ నిర్దోషులుగా చూడుము అన్నాడు. మొదట చదివినపుడు ఇది నాకు కఠినముగా తోచినది. ఇద్దరినీ మంచివారుగా చూడమనవచ్చును గదా! కాని మంచివారుగా చూడమంటే, మన కన్ను వెంటనే ఎవరు ఎక్కువ మంచివాడని వెదకును.

నేను ఒక పల్లె విచారణలో ఉన్నపుడు ఇద్దరు అన్నదమ్ములు పొలము గట్టు తగాదాతో వచ్చారు. అన్న ప్రతి ఉదయము పూజకు వచ్చేవాడు, ఉపదేశి లేనినాడు జపమాల చెప్పించేవాడు. తమ్ముడు తాగుబోతు, పాస్క పండుగకు కూడ గుడి మొగము చూడడు. అన్న చెప్పినదంతా ఓపికగా విన్నాను. తమ్ముడు నోరు తెరువగానే, "ముందు తాగుడు మాని రా" అన్నాను.

అతడు తల వంచుకొని, "నేను తాగుతానండి ఫాదరుగారూ. గట్టు తాగదు గదండీ" అన్నాడు.

మరునాడు సర్వేయరును పిలిపించి గొలుసు పట్టించాము.