ఓడలో మొదటి సాయంకాలము

(ధ్యానభాగములు: ద్వితీయోపదేశకాండము 5:12-15, యోహాను 2:1-11, లూకా 12:35-37)



మన బంగారుపాళ్యములో మామిడికాయల కాలము వచ్చినదనిన విశ్రాంతి అను మాట ఎవరికిని జ్ఞాపకముండదు. తోతాపురి కాయల బండ్లు మార్కెట్టు వాకిట బారులు తీరును. తోటలో కాయలు కోయువారికిని, లోడు దించువారికిని, గుజ్జు ఫ్యాక్టరీలో నిలువుకాళ్లమీద పని చేయు స్త్రీలకును ప్రొద్దు తెలియదు. అట్టి ఫ్యాక్టరీలో అనేక సంవత్సరములు కష్టపడి బిడ్డలను పెంచిన ఒక విధవరాలు మన సంఘములో కలరు. బెంగళూరులో ఉద్యోగము చేయుచున్న ఆమె కుమారుడు తల్లిని చెన్నైకి తీసికొనిపోయి, విహారయాత్ర చేయు పెద్ద ఓడ యెక్కించి, కొన్ని దినములు సముద్రముమీద త్రిప్పి తెచ్చెను.

మరుసటి ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఆమె నిలిచి, ఆ మొదటి సాయంకాలమును గూర్చి నాతో చెప్పిరి. ప్రొద్దుగూకువేళ ఓడ రేవు విడిచెనట. పట్టణపు దీపములు చిన్నవై చిన్నవై మాయమాయెనట. పైఅంతస్తులో కుర్చీలో వెనుకకు వాలి, జీవితములో మొదటిసారి ఏ పనియు లేక కూర్చుంటిననిరి. పిమ్మట భోజనము. తెల్లని గుడ్డ పరచిన బల్ల, పేర్లు తెలియని వంటకములు, వడ్డించుటకు ఒక పడుచువాడు. అతడు గాజుగ్లాసులో మామిడిరసము తెచ్చి ముందర పెట్టగా, ఆ వాసనకు ఆమెకు సొన తగిలి పొక్కిన తన చేతులు జ్ఞాపకమునకు వచ్చినవి. వెంటనే ఆ పడుచువానిని, “నువ్వు తిన్నావా నాయనా?” అని అడిగిరి. కుమారుడు సిగ్గుపడి, “అమ్మా, ఇక్కడ అట్ల అడగకూడదు” అనెను.

ఇదంతయు చెప్పి ఆమె, “అయ్యగారూ, కడుపారా తింటిని. గాలికి కూర్చోని బిడ్డతో నవ్వితిని. ఆ పిల్లోడు మాత్రం అర్ధరాత్రి దాకా నిలబడే ఉన్నాడు. నేను చేసింది పాపమా?” అని అడిగిరి.

నేను తొందరపడితిని. సుఖభోగములయందు బ్రదుకు విధవరాలిని గూర్చి పౌలు తిమోతికి వ్రాసిన మాటను జ్ఞాపకము చేసి, ఆ సొమ్ము ఒక మంచి పనికి వచ్చియుండునే అంటిని. ఆమె మారు మాటాడక పైట సర్దుకొని వెళ్లిపోయిరి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ప్రతిదినము మంచి భోజనము చేయువారు మన సంఘములోను కలరు. వారినెన్నడును నేను ఈ ప్రశ్న అడిగియుండలేదు. అరువది యేండ్లకు ఒక్క సాయంకాలము సుఖముగా కూర్చున్న ఆమెకు మాత్రము వాక్యము ఎత్తి చూపితిని.

ప్రియులారా, విశ్రాంతి దినపు ఆజ్ఞ ఎవరికియ్యబడినది? ఐగుప్తులో ఇటుకలు చేసినవారికి. మీరు దాసులై యుంటిరని జ్ఞాపకము చేసికొనుడని మోషే ఆ ఆజ్ఞతోనే చెప్పుచున్నాడు. విశ్రాంతి ధనికుల సొత్తు కాదు, విడిపింపబడిన కూలివాని స్వాస్థ్యము. ఈ చెన్నపట్నపు తీరమునుండియే 1860 అక్టోబరులో ట్రూరో అను ఓడ 342 మందిని ఎక్కించుకొని, నవంబరు 16న దక్షిణ ఆఫ్రికాలోని డర్బను చేరెను. వారు చెరకు తోటలకు ఒడంబడిక కూలీలుగా పోయినవారు. 1911 వరకు అట్టి ఓడలు సాగెను. మన చిత్తూరు ప్రాంతపు తెలుగువారును వాటిలో పోయిరి. మొదటి సాయంకాలము వారికి ఎవరు బల్ల పరచిరి? అట్టి శ్రమజీవుల జాతిలో పుట్టిన ఒక తల్లి నేడు అదే తీరమున అతిథిగా ఓడ యెక్కినయెడల, దీనులను లేవనెత్తు దేవుని స్తుతింపవలెనే గాని గద్దింపరాదు. మన ప్రభువు కానాలో పెండ్లివిందుకు వెళ్లెను. విందును చెడగొట్టలేదు, కొరత తీర్చెను.

అయినను ఆమె కలత వట్టిది కాదు. కానాలో ఆ ద్రాక్షారసము ఎక్కడనుండి వచ్చెనో విందుప్రధాని ఎరుగడు. నీళ్లు తోడిన పరిచారకులు ఎరుగుదురు. విందులో కూర్చున్నవానికి తెలియనిది, తోడినవానికి తెలియును. ఈమె విందులో కూర్చుండియు తోడినవారి జ్ఞానమును పోగొట్టుకొనలేదు.

ఒకని నెమ్మది మరియొకని మెలకువమీద నిలిచియుండును. ఇటలీలో కోస్టా కాంకోర్డియా అను ఓడ 2012 జనవరి 13న సాయంకాలము రేవు విడిచెను. అనేకులకు అది ఓడలో మొదటి సాయంకాలమే. జనులు భోజనపు బల్లలయొద్ద నుండగానే అది జిగ్లియో ద్వీపముయొద్ద బండకు కొట్టుకొనెను. 32 మంది మరణించిరి. మేల్కొని యుండవలసినవాడు అజాగ్రత్తగా నుండుటవలన ఎందరి విందు దుఃఖమాయెను! ఓడలో పని చేయువారికి 24 గంటలలో కనీసము 10 గంటలు, వారములో 77 గంటలు విశ్రాంతి యుండవలెనని అంతర్జాతీయ నిబంధన కలదు. దానిని మన దేశము 2015లో అంగీకరించెను. లోకము ఇప్పుడు వ్రాసికొన్నదానిని మోషే ఎప్పుడో చెప్పెను: నీవు విశ్రమించునట్లే నీ దాసుడును నీ దాసియు విశ్రమింపవలెను. సేవకుని విశ్రాంతిని మరచిన విశ్రాంతి, ప్రభువు ఆజ్ఞాపించిన విశ్రాంతి కాదు.

ఓడ దూరముననున్నది, మన యిల్లు దగ్గర. క్రిస్మసు దినమున మన ప్రేమవిందును తలంచుకొనుడి. కొందరు స్త్రీలు తెల్లవారకముందే పొయ్యి రాజేసి, పొగలో కండ్లు ఎర్రచేసికొని, ఆరాధనలోని సగము పాటలు గోడ అవతలనుండియే విందురు. పురుషులు మొదట కూర్చుందురు. పాదిరి అందరికంటె ముందు. కడపట ఆ స్త్రీలకు మిగులునది అడుగంటిన అన్నము. ఇన్ని యేండ్లలో నేను వారిలో ఒక్కరినైనను, “నీవు తింటివా తల్లీ?” అని అడుగలేదు. నా భార్యనైనను అడుగలేదు.

తెల్లవారి ఆమె యింటికి వెళ్లి, నేను తప్పు పలికితినని ఒప్పుకొంటిని. “మీరు తినుట పాపము కాదమ్మా. ఆ పిల్లవానిని అడుగకుండ తినియుండిన దోషమే. మీరు అడిగితిరి” అంటిని. ఆమె నవ్వి, “అట్లయితే ఈ క్రిస్మసుకు మీరే వడ్డించండి అయ్యగారూ, మేం కూర్చుంటాం” అనిరి.

వడ్డించెదనని మాట యిచ్చితిని. సంఘ పెద్దలు కూడ నడుము కట్టుకొని రావలెనని ఈ పత్రికాముఖముగా వేడుకొనుచున్నాను. మెలకువగా నున్న దాసులను యజమానుడే కూర్చుండబెట్టి, తానే నడుము కట్టుకొని ఉపచారము చేయునని మన ప్రభువు చెప్పెను గదా. యజమానునికి తగినది పాదిరికి తక్కువ కాజాలదు.

మనము భుజించునప్పుడు కృతజ్ఞతను, విశ్రమించునప్పుడు జ్ఞాపకమును దేవుడు మనకు దయచేయును గాక. ఆమేన్.