లంగరు తాడు



హెబ్రీయులకు వ్రాయబడిన పత్రికలో 2వ అధ్యాయము మొదటి వచనమును మేము ఎన్ని పర్యాయములు చదివితిమో లెక్క లేదు. విన్న బోధను గట్టిగా పట్టుకొనని విశ్వాసి తనకు తెలియకుండనే దానికి దూరమైపోవునని అక్కడ హెచ్చరిక యున్నది. గ్రీకు మూలములో వాడబడిన మాట నీటికి సంబంధించినది. ప్రక్కనుండి జారి ప్రవహించిపోవుట అని దాని భావము. ఈ సంగతిని మేము బైబిలు తరగతిలో నేర్చుకొంటిమి, ఇతరులకు నేర్పితిమి. కాని దాని అర్థము మాకు తెలిసినది గౌతమీ గోదావరిలో ఒక మోటారు పడవమీద, తెల్లవారుజామున.

అది 1994 జనవరి మాసము. కోటిపల్లి రేవునుండి యానాము మీదుగా సముద్రపు మొగవరకు, ఏటి ఒడ్డున నున్న చిన్న సంఘములను దర్శించుటకు అయిదుగురము బయలుదేరితిమి. పడవలోనే వంట, పడవలోనే పడక. సరంగు ఒకడు, కళాసీ కుర్రవాడు ఒకడు. నాలుగు రాత్రుల కాపురమునకు బియ్యము, కిరసనాయిలు స్టవ్వు, చాపలు, రెండు పీపాల మంచినీళ్లు ఎక్కించుకొంటిమి. నదిలో పోవుచు నీళ్లు మోసికొనిపోవుట యేమని మాలో ఒకరు నవ్విరి. యానాము దాటిన తరువాత చేయి ముంచి నోట వేసికొని చూచి, మరి నవ్వలేదు.

ఈ విధమైన ప్రయాణము మన జిల్లాల సంఘములకు క్రొత్త కాదు. 1836లో బౌడెను, బీరు అను దైవసేవకులు ఈ దేశమునకు వచ్చి నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో సేవ ఆరంభించునాటికి ఇక్కడ మంచి బాటలు లేవు. 1847 మొదలు 1852 వరకు ఆర్థరు కాటను దొర ధవళేశ్వరమువద్ద ఆనకట్ట కట్టించిన తరువాత, పొలములకు నీరిచ్చిన కాలువలే పడవలకు బాటలైనవి. మిషనెరీలును మన ఉపదేశకులును గూడుపడవలలో కాపురముండి ఊరూర వాక్యము చెప్పిరి. కాకినాడలో పడవ యెక్కినవాడు ధవళేశ్వరము, ఏలూరు కాలువ, బెజవాడ, కొమ్మమూరు కాలువ, బకింగుహాము కాలువ మీదుగా చెన్నపట్టణమువరకు పోగలిగిన దినములుండెను. ఆ రాకపోకలు ఆగి చాలకాలమైనది. కోటిపల్లి రేవున ఆ పాత సంగతులు చెప్పుకొనుచు మేము కొంచెము అతిశయపడితిమని కూడ ఒప్పుకొనవలెను.

కాలువకును నదికిని భేదమున్నది. కాలువలో నీటిని లాకులు పట్టి యుంచును. తలుపులు మూసినచో పడవ కట్టినచోటనే యుండును. మొగ దగ్గరి ఏరు అట్టిది కాదు. సుమారు ఆరు గంటలు పోటు, ఆరు గంటలు పాటు. పోటు వచ్చినప్పుడు ఏరు వెనుకకు నడుచును, పాటు తీసినప్పుడు సముద్రమునకు పరుగెత్తును. అమావాస్యకు, పౌర్ణమికి దాని బలము హెచ్చు. ఇదంతయు సరంగునకు తెలియును, మాకు తెలియదు. బోర్డింగు పాఠశాలలో లాకుల నడుమ పెరిగిన మన పిల్లలు పట్టణమునకు ఉద్యోగమునకు పోయినప్పుడు వారికి ఏమగుచున్నదో మేము తరువాత చాలసార్లు తలంచుకొంటిమి.

మూడవ సాయంకాలము, యానామునకు దిగువను జాలరుల పల్లె యొకటి చేరితిమి. ఉదయము ఏడు గంటలకు అక్కడ కూటము, ప్రభురాత్రి భోజన సంస్కారము. పాటు బాగుగా తీసియున్న వేళ. స్త్రీలు బల్లమీదుగా సులువుగా దిగుటకు వీలుగా పడవ ఒడ్డునకు ఆనియుండవలెనని మేము కోరితిమి. సరంగునకు అది నచ్చలేదు.

“ఇక్కడ తాడు ఎక్కువ వదలడానికి వీల్లేదండి అయ్యగారూ. పోటొస్తే లంగరు ఊడిపోద్దండి. ఏటిలోకి జరిపి వేద్దామండి” అనెను.

“ఒక్క రాత్రికి ఏమి కాదులే బాబూ” అని మేమే చెప్పితిమి.

లంగరు సంగతి ఆ తరువాత అతడే మాకు వివరించెను. పడవను పట్టునది లంగరు బరువు మాత్రమే కాదు. తాడు పొడవుగా వదలినచో లాగుడు అడ్డముగా పడి లంగరు కొక్కెము బురదలో లోతుగా దిగును. లోతుకు అయిదింతలైనను తాడు వదలవలెను. తాడు పొట్టిదైనచో, నీరు పెరిగి పడవ లేచినప్పుడు లాగుడు నిట్టనిలువై, పాతుకొన్న లంగరును అదే పైకి పీకివేయును. అనగా సాయంకాలము సరిపోయిన తాడు అర్ధరాత్రికి చాలదు. తాడు తగ్గలేదు, నీరు పెరిగినది.

ఆ రాత్రి ప్రార్థనలో కీర్తనలు బాగుగా పాడితిమి. నిద్రయు బాగుగా పట్టెను. తెల్లవారుజామున మూడు దాటినప్పుడు వంటగిన్నె యొకటి దొర్లి మా తలకు తగిలెను. పడవ ఒక ప్రక్కకు ఒరిగియున్నది. లేచి చూచితిమి. పల్లె లేదు, దీపములు లేవు. చుట్టును నీరు, క్రింద ఇసుక మేట, దూరమున సముద్రపు హోరు. పోటు మమ్మును లేపినది, పాటు తీసికొనిపోయినది. ఒక్క కుదుపైనను లేదు. కళాసీ గెడ వేసి చూచెను. మోకాలి లోతు.

సరంగు అణియమువద్ద నిలిచి తాడు లాగెను. తాడు తెగలేదు. లంగరు పోలేదు. అది రాత్రియంతయు నీటిలో వ్రేలాడుచు మాతో కూడ ప్రయాణము చేసినది!

“మేట మనల్ని ఆపిందండి. లేకపోతే తెల్లారేసరికి మొగలో ఉందుమండి” అని మాత్రము అతడనెను. మమ్మును నిందించలేదు. నిందించినను బాగుండెడిది.

తుపానులనుగూర్చి ప్రసంగించుట మాకు, అనగా బోధకులకు, ఇష్టము. మార్కు 4వ అధ్యాయములోని గాలివాన మా నోట ఏటేట వచ్చుచుండును. తుపానులు ఈ తీరమునకు క్రొత్త కావు. 1839 నవంబరులో ఉప్పెన కోరంగి రేవును నాశనము చేసెను. మేము ఈ ప్రయాణము చేసిన దాదాపు మూడు సంవత్సరములకు, 1996 నవంబరు 6వ తేదీన వచ్చిన తుపానులో ఈ ప్రాంతమందే అనేకులు ప్రాణములు కోల్పోయిరి. ఆ దుఃఖమును తక్కువచేసి మేము మాటలాడము. అయితే గాలివానలో శిష్యులు ప్రభువును లేపిరి. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములో నావికులు చీకటిలో లోతు చూచి, అది తగ్గుచున్నదని యెరిగి, అమరమునుండి నాలుగు లంగరులు వేసి, తెల్లవారవలెనని ఎదురుచూచిరి. భయమున్నచోట మెలకువ యుండును. మా పడవలో భయము లేదు. అందుచేత ప్రార్థించినవాడు లేడు, లోతు చూచినవాడు లేడు. నిమ్మళమైన నీటిమీద, నక్షత్రముల క్రింద, ఆరుగురము, కళాసీతో ఏడుగురము, సముద్రమువైపు పోవుచు హాయిగా నిద్రించితిమి.

పాటు ఇంకను తీయుచుండెను గనుక చేయునది లేదు. మోటారు త్రిప్పినచో ఇసుక లేచునే గాని పడవ లేవదు. ఆ మేటమీద కూర్చుండి మేము ఎవరినిగూర్చి తలంచితిమో చెప్పవలెను.

మా సంఘములో ఒక సహోదరుడుండెను. ఆదివారపు బడి చెప్పెను, కీర్తనలకు మొదలెత్తెను. ఎరువుల దుకాణము పెట్టిన తరువాత బుధవారపు ప్రార్థన మానెను. పనివత్తిడి యనుకొంటిమి. తరువాత సాయంకాలపు ఆరాధన. తరువాత నెలకొక ఆదివారము. ఆయన ఎవరితోను జగడమాడలేదు, విశ్వాసమును విడిచితినని చెప్పలేదు. బైబిలు ఇంటిలోనే యున్నది. ఆయన ఏ దినమున వెళ్లిపోయెనని అడిగినచో ఎవరును చెప్పలేరు. చందా పుస్తకము తిరగవేయునప్పుడు, పదకొండు నెలలనుండి ఆ పేరునకు ఎదురుగా ఏమియు లేదని కోశాధికారి చూపినప్పుడు గాని మాకు తెలియలేదు. సిగ్గుతో వ్రాయుచున్నాము. ఒక ఆత్మ లోటు మాకు రూపాయల లోటుగా కనబడెను. అప్పుడును మేము ఆయనయొద్దకు పోలేదు. కొట్టుకొనిపోవుచున్నది ఆయన యొక్కడే యని అనుకొంటిమి. మా స్వంత ప్రార్థన ఎన్ని నెలలనుండి ప్రసంగము తయారుచేయుటకు చదువుకొను చదువుగా మారియున్నదో ఆ మేటమీద గాని లెక్కించుకొనలేదు.

ఆ పత్రికలోనే 6వ అధ్యాయము 19వ వచనములో నిరీక్షణ లంగరుతో పోల్చబడినది. అది అడ్డుతెర లోపలికి, మన ప్రభువు ముందుగా ప్రవేశించిన స్థలములోనికి చేరుచున్నది. లంగరు మంచిదే, పట్టిన చోటు స్థిరమైనదే. మా జీవితములో నీరు పెరిగినది. సంఘము పెరిగినది, పనులు పెరిగినవి, పిలుపులు పెరిగినవి. తాడు మాత్రము ఇరువది సంవత్సరముల క్రిందట వదలినంతే.

తొమ్మిది గంటలు దాటిన తరువాత పోటు వచ్చి పడవను మెల్లగా ఎత్తెను. అందరము నడుము లోతు నీటిలో దిగి త్రోసితిమి. పల్లె చేరునప్పటికి పదకొండు. జనులు ఎనిమిదివరకు కనిపెట్టి వలలకు పోయిరట. చావడిలో ఒక ముసలమ్మ మాత్రము చాపమీద పండుకొనియుండెను. ఆమెకు సంస్కారమిచ్చితిమి. ఆ రాత్రి సరంగు చెప్పినచోటనే లంగరు వేసితిమి.

ఇంటికి చేరిన మరునాడు ఆ సహోదరుని యింటికి పోతిమి. ఆయన మంచముమీదనుండి లేచి కుర్చీ వేసెను.

“ఎన్నాళ్లకండి అయ్యగారూ!” అనెను. అందులో కోపము లేదు. మాకు జవాబు దొరకలేదు. బోధచేయుటకు నోరు రాక, పడవ సంగతి చెప్పితిమి. గిన్నె తలకు తగిలినచోట ఆయన నవ్వెను. తాడు ఎన్ని బారలని అడిగెను. చెప్పితిమి. చాలసేపు ఊరకుండి, బుధవారపు ప్రార్థన ఇప్పుడెవరి యింట జరుగుచున్నదని అడిగెను.

ఆ వారము వారి యింటనే పెట్టితిమి.