నాలుగిళ్ళ మీగడ

మా మావయ్య నలభై ఏళ్ళు కచేరీల్లో వయొలిన్ పక్కవాద్యం వాయించారు. ఆయన గదిలో కీర్తనల పుస్తకాల పక్కన ఒక పాత ఎల్పీ ఉంటుంది. పేరు ‘బ్లైండ్ ఫెయిత్’. దాన్ని వాయించిన బ్యాండ్ పేరూ అదే. మేం నలుగురం హైదరాబాద్‌లో కట్టుకున్న బ్యాండ్ అయిదు నెలలకే విడిపోయిన వారం, ఆయన్ని చూడ్డానికి వెళ్ళాను. ఏమీ అడక్కుండా ఎల్పీ పెట్టారు. రెండు వైపులూ అయిపోయాక మా మధ్య నడిచిన మాటలివి.

నేను: మా నలుగురిలో ఎవరి వాయిద్యానికీ వంక పెట్టలేరు, మావయ్యా. అయినా నిలవలేదు. ఒక ఒరలో రెండు కత్తులే ఇమడవంటారు, మాది నాలుగు కత్తుల ఒర.

మావయ్య: కొట్టుకున్నారా?

నేను: లేదు. అదే అర్థం కావడం లేదు. మెల్లగా ఎవరికి వాళ్ళం రావడం మానేశాం.

మావయ్య: అయితే ఆ సామెత నీకు పనికిరాదు. అది ఈ ఎల్పీలో వాయించిన ఇద్దరి పాత కాపురానికి సరిపోతుంది. 1966లో ఇంగ్లండ్‌లో గిటార్‌కి ఎరిక్ క్లాప్టన్, బేస్‌కి జాక్ బ్రూస్, డ్రమ్స్‌కి జింజర్ బేకర్ కలిశారు. అప్పటికే ముగ్గురూ పేరున్నవాళ్ళు. అందుకే బ్యాండ్‌కి క్రీమ్ అని పేరు పెట్టుకున్నారు. అంటే మీగడ. కానీ బేకర్‌కీ బ్రూస్‌కీ అంతకుముందు గ్రేయమ్ బాండ్ అనే ఆయన బృందంలో పనిచేసినప్పటి నుంచే పడదు. 1968 నవంబర్ 26న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో వీడ్కోలు చెప్పేశారు. రెండేళ్ళ నాలుగు నెలలు.

నేను: పొగరు తెంచేసిందన్నమాట.

మావయ్య: క్లాప్టన్ తర్వాత చెప్పుకున్న ముచ్చట ఒకటుంది. ఒకసారి స్టేజీ మీద వాయిస్తూ వాయిస్తూ ఆపేశాడట. మిగిలిన ఇద్దరూ ఆ సంగతి గమనించలేదట. దాన్ని పొగరు అని సరిపెట్టుకుంటావా? పొగరున్న మృదంగం వాళ్ళ పక్కన చాలాసార్లు కూర్చున్నాను. వాళ్ళు నన్ను తోసేసేవాళ్ళు, కానీ నేనెక్కడున్నానో వినే తోసేవాళ్ళు. వినడం ఆగిపోవడం పొగరు కన్నా పెద్ద జబ్బు.

నేను: మరి ఈ బ్లైండ్ ఫెయిత్‌లో కూడా క్లాప్టన్, బేకర్ ఉన్నారుగా. మళ్ళీ అదే జబ్బా?

మావయ్య: కాదు. అందుకే నాకు ఈ కథ మీద అంత మమకారం. క్రీమ్ విడిపోయే ఏడాదే క్లాప్టన్ ‘మ్యూజిక్ ఫ్రమ్ బిగ్ పింక్’ అనే ఆల్బమ్ విన్నాడు. ద బ్యాండ్ అనేవాళ్ళది. అమెరికాలో వుడ్‌స్టాక్ దగ్గర ఒక గులాబీరంగు ఇంట్లో, నేలమాళిగలో కూర్చుని తమకోసం తాము వాయించుకున్న మనుషులు వాళ్ళు. అప్పటికే ఏళ్ళ తరబడి వేరేవాళ్ళ వెనక కలిసి వాయించి ఉన్నారు. అందులో ఎవరూ ఎగిరెగిరి వాయించరు, పాటే ముందు నడుస్తుంది. తనకు కావలసింది అది అని క్లాప్టన్‌కి తెలిసిపోయింది. ఇంకోపక్క స్టీవ్ విన్‌వుడ్. పదిహేనో ఏటికే స్పెన్సర్ డేవిస్ గ్రూప్‌లో పాడినవాడు. 1967లో ట్రాఫిక్ అనే బ్యాండ్ కట్టినప్పుడు నలుగురూ బర్క్‌షైర్‌లో ఆస్టన్ టిర్రల్డ్ అనే పల్లెలో ఒక కాటేజీలో మకాం పెట్టి, వండుకు తింటూ పాటలు చేసుకున్నారు. అంటే బ్యాండ్ ఎలా పుడుతుందో ఒకడు చేసి తెలుసుకున్నాడు, ఇంకొకడు విని తెలుసుకున్నాడు. 1969 మొదట్లో ట్రాఫిక్ కూడా చెదిరింది. ఇద్దరూ ఆ కాటేజీలోనూ, సర్రేలో క్లాప్టన్ ఇంట్లోనూ కూర్చుని వాయించుకోవడం మొదలుపెట్టారు. బేకర్ వచ్చి చేరాడు. క్రీమ్ నీడ మళ్ళీ పడుతుందని క్లాప్టన్ జంకాడు. విన్‌వుడ్‌కి మాత్రం ఆ డ్రమ్స్ కావాలనిపించింది. బేస్‌కీ వయొలిన్‌కీ ఫ్యామిలీ అనే బ్యాండ్ నుంచి రిక్ గ్రెచ్ వచ్చాడు.

నేను: ఇంత తెలిసినవాళ్ళు ఎందుకు నిలవలేదు?

మావయ్య: ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టయింది. పాట ఇంకా కడుపున పడలేదు, ఊరంతా పేరు పెట్టేసింది. క్రీమ్ ప్లస్ ట్రాఫిక్ అట, సూపర్‌గ్రూప్ అట! 1969 జూన్ 7న లండన్ హైడ్ పార్క్‌లో మొదటి కచేరీ. టికెట్ లేదు. సుమారు లక్షమంది వచ్చారు. జనం చప్పట్లతో ముంచెత్తారు. క్లాప్టన్‌కి మాత్రం మనసు చివుక్కుమంది. తాము సరిగా వాయించలేదని అతనికి తెలుసు. క్రీమ్ రోజుల్లోనూ ఏం వాయించినా చప్పట్లే. అదే మళ్ళీ ఎదురైంది.

నేను: చప్పట్లు కొడితే బాధేమిటి మావయ్యా? ఎవరూ రాని హాల్లో వాయించి చూడండి, తెలుస్తుంది.

మావయ్య: వాయించాను నాయనా. ఎవరూ లేని హాలు నిన్ను ఏడిపిస్తుంది కానీ అబద్ధం చెప్పదు. తప్పు వాయించినప్పుడు కూడా పడే చప్పట్లు నీ చెవిని పాడుచేస్తాయి. ఏది కుదిరింది, ఏది కుదరలేదు అని తేల్చుకునే అవకాశం పోతుంది. జూలై 12న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో అమెరికా టూర్ మొదలయింది. ఇరవై వేల మంది. అప్పటికి ఆల్బమ్ కూడా బయటికి రాలేదు, ఆగస్టులో వచ్చింది. చేతిలో ఉన్న కొత్త పాటలు గంటకు మించి రావు. జనం పాతవి అడిగారు. వీళ్ళు క్రీమ్ పాటలూ ట్రాఫిక్ పాటలూ వాయించారు. జనం పొంగిపోయారు. ఆ పొంగులో కొత్త బ్యాండ్ మునిగిపోయింది.

నేను: అంటే తప్పు జనానిదా? వాళ్ళు నమ్మి వచ్చారు. ఆ బ్యాండ్ పేరులోనే నమ్మకం ఉంది.

మావయ్య: గుడ్డి నమ్మకం. ఆల్బమ్ అట్ట మీది బొమ్మకు ఫోటో తీసినాయన పెట్టుకున్న పేరది, బ్యాండ్‌కీ అదే స్థిరపడింది. నేను దాని గురించి చాలా ఆలోచించాను. ఆ లక్షమందిది నమ్మకమేనా? నమ్మకం అంటే ఇంకా కనపడనిదాని కోసం ఓపిగ్గా కూర్చోవడం. వాళ్ళు కూర్చున్నది తమకు బాగా తెలిసినదాని కోసం. అది జ్ఞాపకం. జ్ఞాపకం తప్పని నేననను. కానీ ఎదుట ఉన్న మనిషిలో పాతమనిషినే వెతికితే, ఎంత ప్రేమ దొరికినా ఎదుటివాడు ఒంటరే.

నేను: నేను ఒప్పుకోను. మీరెన్నోసార్లు ముందురోజు దాకా మొహం చూడని గాయకుడి పక్కన కూర్చున్నారు. రిహార్సల్ లేదు, కాటేజీ లేదు. మూడు గంటల కచేరీ అద్భుతంగా నడిచింది. మీకు కుదిరింది వాళ్ళకెందుకు కుదరదు?

మావయ్య: మంచి ప్రశ్న. మేం వేదికెక్కేసరికే రాగం ఉంది, తాళం ఉంది, కీర్తన ఉంది. త్యాగరాజస్వామి కట్టి ఇచ్చిన ఇంట్లో మేం ఒకపూట చుట్టాలం. ఇద్దరు చుట్టాలు ఒకపూట కలిసి భోంచేయడానికి ముందుగా ఒకరినొకరు ఎరగక్కర్లేదు. బ్లూస్‌లోనూ పన్నెండు బార్ల చట్రం ఉంది కాబట్టే ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా జామింగ్ చేయగలరు. కాటేజీలో వీళ్ళకి మొదట కుదిరింది అదే. కానీ బ్యాండ్ అంటే చుట్టరికం కాదు, కాపురం. ఇల్లు తామే కట్టుకోవాలి, అందులోనే ఉండాలి. దానికి గొప్ప చేతులుంటే చాలదు, రోజులు కావాలి. పాలు సన్నసెగన కాగి, చల్లారితే పైన మీగడ కడుతుంది. ఆ మీగడకి కింద పాలున్నాయి. నాలుగిళ్ళ మీగడ తెచ్చి ఒక గిన్నెలో వేస్తే కింద ఏముంది?

నేను: మావయ్యా, అమ్మమ్మ వారమంతా మీగడ దాచి ఏం చేసేది? చిలికితే వెన్న వచ్చేది కదా! నాలుగిళ్ళ మీగడైనా వెన్న వస్తుంది.

మావయ్య: (చాలాసేపు మాట్లాడలేదు) నిజమే. నా ఉపమానాన్ని నువ్వే సరిచేశావు. వస్తుంది. కానీ చిలకాలి. చిలికేటప్పుడు అది మీగడా కాదు, వెన్నా కాదు, చూడ్డానికి బావుండదు. అమ్మ అప్పుడు ఎవర్నీ వంటింట్లోకి రానిచ్చేది కాదు. వీళ్ళు చిలుకుతుండగా ఎవరో జనాన్ని వంటింట్లోకి పిలిచారు. పిలిచినవాళ్ళకి డబ్బు కావాలి, వాయించేవాళ్ళు వద్దనలేకపోయారు.

నేను: చివరికి ఎలా విడిపోయారు?

మావయ్య: మీలాగే. ఆ టూర్‌లో తమకంటే ముందు వాయించే డెలానీ అండ్ బానీ అనే చిన్న బృందం ఉండేది. క్లాప్టన్ సొంత బ్యాండ్‌ని వదిలి వాళ్ళ బస్సులో తిరగడం మొదలుపెట్టాడు. వాళ్ళ మీద ఎవరికీ ఏ ఆశా లేదు, అందుకే హాయిగా వాయించుకునేవాళ్ళు. ఆగస్టు 24న హవాయిలో చివరి కచేరీ. హైడ్ పార్క్ నుంచి లెక్కపెడితే రెండున్నర నెలలు. ఆల్బమ్ మాత్రం బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ మొదటి స్థానానికి ఎక్కింది. ఆ తర్వాత విన్‌వుడ్ ట్రాఫిక్‌కి వెళ్ళిపోయాడు. క్లాప్టన్ ఏం చేశాడో చూడు. 1970లో డెరెక్ అండ్ ద డామినోస్ అని తన పేరు దాచేసి, బ్రిటన్‌లో చిన్న చిన్న క్లబ్బుల్లో వాయించాడు. ‘లైలా’ పాట ఆ బ్యాండ్ నుంచే వచ్చింది. పాఠం నేర్చుకున్నాడు.

నేను: ఆ బ్యాండ్ మాత్రం ఎన్నాళ్ళుంది?

మావయ్య: ఏడాది.

నేను: చూశారా! పేరు దాచినా ఏడాదే. అయితే మీ సిద్ధాంతం నిలవదు.

మావయ్య: నిలవదు. పేరు ముందొస్తే బ్యాండ్ చెడుతుంది, అంతవరకు నిజం. పేరు దాస్తే బతుకుతుందని మాత్రం చెప్పలేను. బహుశా మనం అడిగే ప్రశ్నలోనే తప్పుంది. ఎన్నాళ్ళు ఉంది అని అడుగుతున్నాం. కచేరీ మూడు గంటలే ఉంటుంది, దాన్ని ఎవరూ విడిపోయిందనరు.

నేను: ఇంకేం అడగాలి?

మావయ్య: కలిసి ఉన్నన్నాళ్ళూ ఒకరినొకరు విన్నారా అని. ఈ ఎల్పీలో ఆరే పాటలు. ఆఖరిది పదిహేను నిమిషాలు, బేకర్ రాసింది. అందులో ఎవరి వంతు వాళ్ళు వాయించుకుంటారు, నాకు పాత క్రీమ్ వాసన వేస్తుంది. కానీ రెండోది విను, ‘కాంట్ ఫైండ్ మై వే హోమ్’. విన్‌వుడ్ రాసి పాడాడు. అంత హోరు మనిషి బేకర్ అక్కడ పాట పక్కన పిల్లిలా నడుస్తాడు. అంత వేళ్ళున్న క్లాప్టన్ తన వేళ్ళు చూపించడు. నాలుగోది క్లాప్టన్ రాసింది, ‘ప్రెజెన్స్ ఆఫ్ ద లార్డ్’. తను రాసిన ప్రార్థనని విన్‌వుడ్ గొంతుకి అప్పగించాడు. తన పాటని ఇంకొకరి గొంతులో పెట్టడం కంటే పెద్ద నమ్మకం ఏముంటుంది? అది గుడ్డిది కాదు, విని పెట్టుకున్నది. ఆ వెన్న కాస్తే. కానీ వెన్నే.

నేను: ఆ కాస్త కోసం అంత కూలిపోవడమా?

మావయ్య: 2008 ఫిబ్రవరిలో క్లాప్టన్, విన్‌వుడ్ ఇద్దరూ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మూడు రాత్రులు కలిసి వాయించారు. అమెరికా టూర్ మొదలైన చోటే, దాదాపు ముప్ఫై తొమ్మిదేళ్ళ తర్వాత. ఈ పాటలు కూడా వాయించారు. 1969లో జనం ఇవి వినకుండా పాతవి అడిగారు. 2008కి ఇవే పాతవయ్యాయి, జనం వీటి కోసమే వచ్చారు. బ్యాండ్ బతకలేదు. పాటలు తమ దారి తాము చూసుకున్నాయి.

మావయ్య ఎల్పీని కవర్లో పెట్టారు. కాసేపటికి అడిగారు.

మావయ్య: మీ అయిదు నెలల్లో ఎన్ని పాటలు చేశారు?

నేను: ఏడు. ఆరు ఎవరికి వాళ్ళం తెచ్చినవి. ఒక్కటి మాత్రం... ఒకరోజు కరెంటు పోయింది. ఆంప్‌లు లేవు. చీకట్లో ఊరికే మెల్లగా వాయిస్తూ ఉంటే వచ్చింది. అది ఎవరిదో మాకే తెలీదు.

ఆయన లేచి, మూలనున్న వయొలిన్ పెట్టె తెరిచారు. నా గిటార్ వైపు గడ్డంతో చూపించి అడిగారు.

మావయ్య: శ్రుతి ఏమిటి?