రాజు ఖడ్గము, సైనికుని చేయి

వాక్యభాగము: 1 సమూయేలు 22:6–23

పుదుచ్చేరి పట్టణమునకు ఉత్తరముగా ముత్తియాల్‌పేట యున్నది. ఆ పేట దాటి కొంతదూరము పోయినచో కొట్టకుప్పము వచ్చును. ఈనాడు అక్కడ ఒక కేంద్రపాలిత ప్రాంతము ముగిసి ఒక రాష్ట్రము ఆరంభమగును, అంతే. కాని 1947 ఆగస్టు 15 మొదలు 1954 నవంబరు 1 వరకు అది రెండు ప్రభుత్వముల నడిమి సరిహద్దు. ఆవల స్వతంత్ర భారతము, ఈవల ఫ్రెంచి పాలన. ఆ సంవత్సరములలోనే పుదుచ్చేరి యువకులు కొందరు ఫ్రెంచి సైనికదుస్తులు ధరించి, ఓడనెక్కి, ఇండోచైనాకు పోయిరి. అక్కడ వియత్నాము ప్రజలు తమ దేశమును తామే ఏలుకొనగోరి పోరాడుచుండిరి. వారిని లోబరచుకొనుటకై ఫ్రాన్సు 1946 నుండి 1954 వరకు యుద్ధము చేసెను.

పోయినవారు కేవలము కూలికి పోయినవారని చెప్పుట న్యాయము కాదు. స్వకీయ ధర్మశాస్త్రమును విడిచి ఫ్రెంచి పౌరధర్మమును అంగీకరించుటకు 1881వ సంవత్సరపు శాసనము ఫ్రెంచి ఇండియాలోని భారతీయులకు దారి తెరచెను. తెలుగువారి యానాము కూడ ఆ పాలనలోనిదే. అట్లు అంగీకరించిన కుటుంబములలో ఫ్రాన్సును తమ దేశముగానే యెంచినవారు అనేకులు. అయినను 1954వ సంవత్సరము వారి యెదుట ఒక కఠినమైన అద్దమును నిలిపెను. మే 7న దియెన్ బియెన్ ఫూ కోట పడిపోయెను. జూలైలో జెనీవాలో సంధి కుదిరెను. అక్టోబరు 18న కీళూరులో కూడిన 178 మంది ప్రజాప్రతినిధులలో 170 మంది భారతదేశముతో చేరుటకు సమ్మతించిరి. పుదుచ్చేరి ఏ స్వాతంత్ర్యమును ఒక ఓటుతో పొందెనో, ఆ స్వాతంత్ర్యమునే కోరిన మరియొక ప్రజపై పుదుచ్చేరి కుమారులు తుపాకి పట్టియుండిరి.

ముత్తియాల్‌పేటలో అట్టి సైనికుని విధవరాలు ఒకతె యున్నదనుకొందము. ప్రతి మాసము ఫ్రాన్సునుండి వచ్చు పింఛనుతో ఆమె ఇల్లు నడచుచున్నది. గోడమీద భర్త పతకము వ్రేలాడుచున్నది. ఒకనాడు మనుమడు, “నాయనమ్మా, తాతగారు అక్కడ మనుష్యులను చంపెనా?” అని అడుగును. ఆమె ఏమి చెప్పవలెను? సంఘము ఆమెకు ఏమి నేర్పియున్నది?

మన యొద్ద సిద్ధముగా నున్న ప్రత్యుత్తరములు రెండు. సైనికుడు ఆజ్ఞను నెరవేర్చెను గనుక, తప్పు ఉన్నయెడల అది ప్రభుత్వముదే అనునది మొదటిది. జీతము కొరకు అన్యదేశములో నరహత్య చేసినవాడు హంతకుడే అనునది రెండవది. మొదటిది అతని మనస్సాక్షిని తీసివేయును. రెండవది అతనిని పంపినవారిని తప్పించివేయును.

మొదటి ప్రత్యుత్తరమునకు గొప్ప సాక్షులు లేకపోలేదు. అన్యాయపు రాజు క్రింద సేవచేయు నీతిమంతుడు, ఆ ఆజ్ఞ దేవుని ఆజ్ఞకు విరోధమని స్పష్టముగా తెలియనంతవరకు నిర్దోషియని, దోషము ఆజ్ఞాపించిన రాజుదని అగస్టీను బోధించెను. కాని 1526లో, సైనికులు కూడ రక్షింపబడగలరా అను ప్రశ్నకు జవాబు వ్రాసిన మార్టిన్ లూథరు దీనికొక హద్దు గీసెను. ప్రభువు పక్షము అన్యాయమని నిశ్చయముగా తెలిసినప్పుడు సైనికుడు మనుష్యులకంటె దేవునికి భయపడి ఆ యుద్ధమునకు పోకూడదు. తెలియనప్పుడు మాత్రమే విధేయత అతనిని కాపాడును. ఇద్దరి మాటలకును ఇరుసు ఒక్కటే: సైనికునికి ఏమి తెలియును? ఈ ప్రశ్నను తప్పించుకొనుటకై తెలిసికొనకుండుట ఎంత సులభమో ప్రతి ప్రభుత్వమునకు తెలియును.

నోబు పట్టణపు వృత్తాంతము ఈ ప్రశ్నను నడివీధిలోనికి తెచ్చుచున్నది. అహీమెలెకు దావీదునకు ఆహారమిచ్చెనని సౌలు విని, యాజకులను చంపుడని తన కావలివారికి ఆజ్ఞాపించెను. వారు ఇశ్రాయేలీయులు, రాజు అన్నము తినినవారు, ఆయుధములు ధరించి నిలిచినవారు. అయినను వారు చేయి చాపలేదు. వారు తిరుగుబాటు చేయలేదు, సౌలును చంపలేదు, ప్రసంగమును చేయలేదు. చేయి చాపలేదు, అంతే. అప్పుడు సౌలు ఎదోమీయుడైన దోయేగువైపు తిరిగెను. ఆ దినమున 85 మంది యాజకులు కూలిరి.

స్వజనులు చేయనొల్లని పనికి రాజు పరదేశిని వెదకెను. ఈ మాట పురాతనమైనది కాదు. ఇండోచైనా యుద్ధమునకు ఫ్రాన్సు తన దేశములో నిర్బంధ సైనికసేవ చేయుచున్న యువకులను పంపలేదు. వృత్తి సైనికులను, విదేశీ దళమును, మొరాకో, అల్జీరియా, పశ్చిమ ఆఫ్రికా ప్రజలను, తుదకు వియత్నాము వారినే పంపెను. తన కుమారులు చనిపోని యుద్ధమును గూర్చి ఓటరు తొందరపడి ప్రశ్నింపడు. కావున, పుదుచ్చేరి సైనికుని దోయేగుతో సమానుడని చెప్పరాదు; దోయేగు ఇష్టపూర్వకముగా హత్య చేసెను. కాని సౌలు చేసిన లెక్కను ఆధునిక ప్రభుత్వములును చేయుచున్నవని మాత్రము చెప్పవలెను.

పంపినవాని దోషమును గూర్చి లేఖనము మెత్తగా మాటలాడదు. ఊరియా యుద్ధభూమిలో శత్రువుల చేత చచ్చెను. దావీదు యెరూషలేములో తన నగరులో నుండెను. అయినను నాతాను ప్రవక్త వచ్చి, అమ్మోనీయుల కత్తితో ఊరియాను చంపినవాడవు నీవేయని రాజు ముఖమెదుట పలికెను. ఖడ్గము ఎవరి చేతిలోనున్నను, దానిని కదలించిన సంకల్పమును దేవుడు వెదకును. అంతకుముందు నోబు వార్తను అబ్యాతారు తెచ్చినప్పుడు, ఆ మరణములకు తానే కారకుడనని ఇదే దావీదు ఒప్పుకొనెను. ఒక్క పాపమునకు కారకులు ముగ్గురు నలుగురు ఉండవచ్చును. దానివలన ఎవరి పాలును తగ్గిపోదు.

రోమీయులకు వ్రాసిన పత్రిక 13వ అధ్యాయమును ఇక్కడ జాగ్రత్తగా చదువవలెను. అధికారి మేలు కలుగుటకై దేవుని పరిచారకుడని పౌలు చెప్పుచున్నాడు. పరిచారకునికి యజమానుడున్నాడు, కావున అతని ఖడ్గమునకు కొలత యున్నది. ఆ కొలత సరిహద్దురేఖ మాత్రము కాదు. 1971లో తూర్పు బెంగాలునుండి సుమారు కోటిమంది శరణార్థులు మన దేశమునకు వచ్చినప్పుడు, మన సైన్యము ఎల్ల దాటుటను కేవలము పరదేశాక్రమణ అని ఎవరనగలరు? మరియొకవైపు, 1987 జూలై ఒప్పందము ప్రకారము శాంతిదళమను పేరుతో శ్రీలంకకు పోయిన మన సైనికులు అక్టోబరు నాటికి యుద్ధములో నుండిరి. 1990 మార్చిలో దళము తిరిగి వచ్చునప్పటికి వెయ్యికి పైగా ప్రాణములు పోయెను. పోవునప్పుడు సైనికునికి చెప్పబడిన పని ఒకటి, చేయవలసివచ్చిన పని మరియొకటి. అట్టి మార్పునకు ప్రభుత్వము లెక్క చెప్పవలెనేగాని సిపాయి కాదు. ఎవరి మేలు కొరకు ఖడ్గము దూయబడెను, ఆ మేలు పొందవలసినవారు దానిని కోరిరా? ఈ రెండు ప్రశ్నలను అడుగుట పౌరుని విధి, మరి విశేషముగా క్రైస్తవుని విధి.

అయితే సిపాయి చేతికి ఏమి మిగిలినది? అల్జీరియాలో 1957లో ఫ్రెంచి సేనాధిపతియైన పారిస్ దె బొల్లార్దియేరు, బందీలను హింసించు పద్ధతికి లోబడనొల్లక తన పదవినుండి తప్పింపుమని కోరెను. బహిరంగముగా మాటలాడినందుకు 60 దినములు కోటలో నిర్బంధము అనుభవించెను. అల్జీరియాకు పుదుచ్చేరి సైనికులును పోయియుండిరి. సేనాధిపతి పలికినట్లు సిపాయి పలుకలేడు. అతని వెనుక ఆకలిగొన్న ఇల్లున్నది. ఇది నిజమే. నిజమేగనుకనే బాప్తిస్మమిచ్చు యోహాను సైనికులతో పలికిన మాట అమూల్యమైనది (లూకా 3:14). ఆయుధములు పారవేయుడని అతడు వారికి చెప్పలేదు; ఎవనిని బాధపెట్టవద్దని, అపనింద వేయవద్దని, జీతముతో తృప్తిపొందుమని చెప్పెను. యుద్ధమును ఆపుట సిపాయి వశములో లేదు. కాని చేతులు కట్టబడిన బందీ, ధాన్యపుకొట్టు, గుడిసెలో దాగిన స్త్రీ, ఇవి అతని వశములోనికి వచ్చిన ఘడియలు. ఆ ఘడియలో ఆజ్ఞాపించు అధికారి దూరముగా నుండవచ్చును. దేవుడు దూరముగా లేడు. నోబులో కావలివారు చూపినది ఆ చిన్న స్థలమునే.

ఇక ముత్తియాల్‌పేటలోని ఆ ఇంటికి తిరిగి రావలెను. పుదుచ్చేరి సముద్రతీరమున 1937లో కట్టబడిన యుద్ధస్మారకము యున్నది. ప్రతి జూలై 14న అక్కడ పుష్పగుచ్ఛములు ఉంచబడును. చనిపోయినవారిని స్మరించుట మంచిదే. కాని వారు చంపినవారికి అక్కడ స్మారకము లేదు. ఆ స్మరణ ఎక్కడనో ఒకచోట జరుగవలెను. సంఘములో జరుగనియెడల మరి ఎక్కడ జరుగును?

దావీదు బేత్లెహేము బావినీళ్ల కొరకు ఆశపడినప్పుడు ముగ్గురు బలాఢ్యులు ప్రాణమునకు తెగించి ఆ నీళ్లు తెచ్చిరి. అవి వారి రక్తముతో సమానమని యెంచి అతడు త్రాగలేదు, యెహోవా సన్నిధిని పారబోసెను. విధవరాలు తన పింఛనును పారబోయనక్కరలేదు. ఆమె భుజింపవలెను, పిల్లలు చదువవలెను. కాని ఆ అన్నము ఏ వెలకు వచ్చెనో ఎరిగి భుజించుట వేరు, ఎరుగక భుజించుట వేరు. ఆమె మనుమనికి నిజము చెప్పవచ్చును: “చంపియుండవచ్చును, నాయనా. ఆయన దానిని గూర్చి నాతో ఎన్నడును మాటలాడలేదు. పంపినవారును ఆయనను ఎన్నడును అడుగలేదు.” అటుపిమ్మట, భోజనమునకు ముందు చేయు ప్రార్థనలో, భర్త పేరుతోకూడ, ఆవలి తీరమున కుమారుని పోగొట్టుకొన్న ఎవరో ఒక తల్లిని ఆమె జ్ఞాపకము చేసికొనవచ్చును.

సిలువయొద్ద సైనికులు తమకియ్యబడిన ఆజ్ఞనే నెరవేర్చిరి. ప్రభువు వారిని నిర్దోషులని ప్రకటింపలేదు; వారి కొరకు క్షమాపణ వేడుకొనెను. నిర్దోషికి క్షమాపణ అక్కరలేదు. దోషిగా ఎంచబడుట భయంకరమే; కాని క్షమింపబడు ద్వారము అక్కడనే యున్నది.